చెక్కపడవకు తుప్పు పట్టునా?

ఒక శకటమునో, ఒక పడవనో ముప్పదియైదవ వంతునకో మరియొక కొలతకో కుదించి, అది ఒకనాడు నిలిచిన చోటును, ఆ చోటి నీటిని, ఇసుకను, దానిని నమ్ముకొని నిలిచిన మనుష్యులను గూడ అదే కొలతలో కూర్చి, ఒక చెక్కపీఠముపై చూపరుల యెదుట నిలుపు కళను డయోరమా యందురు. మన ఇండ్లలో సంక్రాంతికి తీర్చు బొమ్మల కొలువులో శ్రీరామ పట్టాభిషేకము ప్రక్కనే కూరగాయల అంగడి యున్నను ఆక్షేపించువారు లేరు. అచట బొమ్మల శోభయే ప్రధానము. డయోరమాలో అట్లు గాదు. అందున్న ప్రతి వస్తువును ఒకే ప్రదేశమునకు, ఒకే దినమునకు, వీలైనచో ఒకే గడియకు చెందినదై యుండవలెను. ఈ కళలోని కష్టమంతయు ఆ నియమమునందే యున్నది.

దీనిని అభ్యసించువారిలో అధికులు యుద్ధశకటములను, విమానములను ఎన్నుకొందురు. సైనికులను ఓడనుండి ఒడ్డునకు చేర్చిన చిన్న పడవలపై చేయి వేయువారు తక్కువ. నా దృష్టిలో డయోరమాకు ఇంతకంటె గొప్ప వస్తువు దొరకదు. ఏలయన నేలను, నీటిని, యంత్రమును, మనుష్యుని ఒక్కచోట కలుపునది ఇదియే. అందును రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో తయారైన ఎల్.సి.వి.పి. అను పడవ, లోకమున హిగ్గిన్స్ పడవ యని ప్రసిద్ధి కెక్కినది, ఈ పనికి మిక్కిలి తగినది. దానిని ఎట్లు నిర్మింపవలెనో చెప్పుటకు ముందు అది యేల అట్లున్నదో చెప్పవలసియున్నది. పడవలోని ప్రతి భాగమునకును ఒక కారణము కలదు. ఆ కారణము నెరుగనివాని చేతిలో ఎంతటి నైపుణ్యమున్నను నమూనా అబద్ధమాడును.

ఆండ్రూ జాక్సన్ హిగ్గిన్స్ 1886లో నెబ్రాస్కా రాష్ట్రమున జన్మించి, కలప వ్యాపారములో ఆరితేరి, న్యూ ఆర్లియన్స్ నగరమున పడవల కర్మాగారము నెలకొల్పినవాడు. లూసియానా రాష్ట్రపు చిత్తడినేలలలో ఉచ్చులు పన్ని జంతువులను పట్టువారికిని, నూనెబావులు త్రవ్వువారికిని, మోకాలిలోతు నీటిలో సాగుచు, మునిగియున్న దుంగలపై ఎక్కి దిగుచు, బురదగట్టుపైకి ముక్కు దూర్చి మరల తనంత తాను వెనుకకు రాగల పడవ కావలసివచ్చినది. వారికొరకు అతడు ‘యురేకా’ యను పడవను రూపొందించెను. ఎదురుదెబ్బలకు తట్టుకొనుటకై దాని ముక్కుకొసను గట్టి పైన్ దిమ్మతో కట్టెను. దుంగలకును ఇసుకకును తగులకుండుటకై ప్రొపెల్లరును పడవ అడుగున సొరంగమువంటి గుంటలో దాచెను. ఇట్టి పడవయే శత్రుతీరమున సైన్యమును దింపుటకు పనికివచ్చునని అమెరికా మెరీన్ దళమువారు గ్రహించిరి. కాని యురేకా పడవనుండి దిగవలెనన్న ప్రక్కగోడలెక్కి దుముకవలెను. గోడపైనున్న ఆ క్షణమున సైనికుడు ఎదుటి తుపాకికి నిండుగా గురియగును.

ఈ లోపమునకు మందు చైనాలో కనబడెను. 1937లో షాంఘై యుద్ధమును చూచుచున్న విక్టర్ క్రూలాక్ అను యువ మెరీన్ అధికారి, జపానువారి దైహత్సు పడవల ముందుభాగము తలుపువలె వాలి నీటిలోనికి దిగుటయు, సైనికులు దానిమీదుగా నడచి పోవుటయు గమనించి, ఛాయాచిత్రములు తీసి, నివేదిక వ్రాసి వాషింగ్టనుకు పంపెను. అచట ఆ నివేదిక మూలబడెను. రెండేండ్లకు స్వదేశము చేరిన క్రూలాక్ తానే దానిని వెదకి తీసి, అట్టి పడవకు ఒక నమూనాను చేసి, వాలుతలుపును గూర్చి హిగ్గిన్సుతో చర్చించెను. 1941లో వాలుతలుపు గల పడవ న్యూ ఆర్లియన్స్ చెంతనున్న పాంట్‌చార్ట్రెయిన్ సరస్సులో పరీక్షకు నిలిచి గెలిచెను. అనగా, నేడు మనము బల్లమీద నమూనాగా కూర్చుచున్న ఈ పడవ పుట్టుకయందే ఒక నమూనా యున్నది. ఈ వృత్తాంతములో నాకు అన్నిటికంటె ప్రియమైన సంగతి యిదియే.

తరువాతి కథ లోకవిదితము. 1943 సెప్టెంబరు నాటికి అమెరికా నౌకాదళమున నున్న 14,072 నౌకలలో 12,964 హిగ్గిన్స్ రూపకల్పన చేసినవే; అందులో అధికభాగము చిన్నపడవలేయైనను, ఒక ప్రైవేటు కర్మాగారపు యజమానికి అది సామాన్యమైన ఘనత గాదు. ఎల్.సి.వి.పి. పడవలే ఇరువది వేలకు పైగా తయారయ్యెను. ఉక్కునకు కరవు రాగలదని ముందే ఎంచి, ఫిలిప్పీన్సు దీవులలో 1939లో దొరికిన మహోగని కలపనంతయు అతడు కొని నిలువచేసెనని చెప్పుదురు. 1964లో చరిత్రకారుడు స్టీఫెన్ ఆంబ్రోజ్‌తో ముచ్చటించుచు అమెరికా మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంతటివాడు, మనకు యుద్ధమును గెలిచిపెట్టినవాడు హిగ్గిన్సేయని అర్థము వచ్చునట్లు పలికెను.

ఇక కొలతలు. నిజమైన పడవ పొడవు 36 అడుగుల 3 అంగుళములు. వెడల్పు 10 అడుగుల 10 అంగుళములు. 36 మంది సైనికులను గాని, ఒక జీపును పన్నెండుగురు మనుష్యులను గాని అది మోయగలదు. సరంగు, ఇంజను చూచువాడు, ముందొకడు, వెనుకొకడు, ఈ నలుగురే దాని నావికులు. 1/35 కొలతలో ఈ పడవ రమారమి 32 సెంటీమీటర్లు, 1/72 కొలతలో 15 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషి మొదటిదానిలో ఐదు సెంటీమీటర్లు, రెండవదానిలో ఒక్క అంగుళము. 1/35 అను ఈ విడ్డూరపు కొలత ఏ శాస్త్రమునుండియు వచ్చినది గాదు. 1960 దశకారంభమున జపాను దేశపు తమియా కంపెనీవారు తమ మొదటి ప్లాస్టిక్ యుద్ధశకటములో మోటారును, బ్యాటరీలను ఇముడ్చుటకు ఎంత పరిమాణము కావలసెనో అంత పరిమాణము చేయగా, లెక్కకు అది ముప్పదియైదవ వంతుగా తేలెను. తరువాత తక్కిన కంపెనీలును అదే బాట పట్టినవి. నేడు 1/35లో హిగ్గిన్స్ పడవను ఇటలీ దేశపు ఇటలేరి కంపెనీయు, 1/72లో ఇంగ్లండు కంపెనీయైన ఎయిర్‌ఫిక్సును తయారుచేసియున్నవి. ముఖకవళికలను, తాళ్ళను, బోల్టులను చూపగోరువారికి 1/35 మేలు. చాల పడవలను, విశాలమైన సముద్రమును చూపగోరువారికి 1/72 మేలు.

కిట్టు తెరచినంతనే నమూనాకారుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ పడవ దేనితో చేసినది? చిక్కంతయు ఇచటనే. యుద్ధశకటములపై చేయి తిరిగినవారు అలవాటు చొప్పున పడవ ప్రక్కలపై రంగు రాలినట్లు వెండిగీతలు గీసి, వానిక్రింద ఎర్రని తుప్పు ధారలు కార్చి, దానినే సహజత్వమని సంతోషింతురు. కాని హిగ్గిన్స్ పడవ దేహము ప్లైవుడ్డు, అస్థిపంజరము కలప. ఉక్కు గలది ముందరి వాలుతలుపునకు, దానిని లాగు తాళ్ళకు, తాళ్ళు చుట్టు మరకు, లంగరుతాళ్ళు కట్టు కొయ్యగుంజలవంటి ఇనుప మేకులకు, కొన్ని పడవలలో ప్రక్కలకు బిగించిన కవచపు రేకులకు మాత్రమే. తుప్పు పట్టవలసినచో అచటనే పట్టవలెను. తక్కినచోట రంగు రాలినచో దానిక్రింద కలప కనబడవలెను, అదియు ఉప్పునీటిలో నాని వన్నెతగ్గిన కలప. పైగా 1944లో ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరము చేరిన పడవలలో చాలవాటికి వయస్సు నెలలలోనే యుండెను. అంతలో తుప్పు ఎంత పట్టును? ఓడ ప్రక్కకు ఒరసికొన్న గీతలు, సైనికులు వలనిచ్చెనలు పట్టుకొని దిగుచు బూట్లతో తన్నిన మచ్చలు, ఓడమీదికి ఎత్తి దింపుటలో త్రాళ్ళు రాచిన అంచులు, ఇవి సహజము. సంవత్సరముల తరబడి రేవున కుళ్ళిన నౌకకు తగిన తుప్పు దీనికి తగదు.

కలప యనగానే కొందరు రెండవ పొరపాటునకు దిగుదురు. ప్లాస్టిక్ నునుపుగా నున్నదని సూదితో గీసి చెక్కచారలు చెక్కుదురు. రంగు వేసిన ప్లైవుడ్డుపై చారలు నిజమైన పడవయందే నాలుగడుగుల దూరమునుండి కానరావు. ముప్పదియైదవ వంతున అవి గోచరించుట అసంభవము. కానవచ్చునవి పలకకును పలకకును నడుమ సన్నని అతుకుగీతలు, ఆ గీతల వెంబడి వరుసగా మరమేకుల తలలు. వానిని మృదువుగా చూపిన చాలును. సైనికుల బూట్లరాపిడికి రంగు లేచిపోయిన లోపలి నేలపై మాత్రము చెక్కవన్నెను నిర్భయముగా చూపవచ్చును.

మందమును గూర్చియు ఒక మాట. కిట్టులోని ప్రక్కగోడ మిల్లీమీటరున్నర మందమున్నదనుకొందము. నిజపు పడవలో అది ఐదు సెంటీమీటర్లకు పైమాట యగును. ఆ పడవ ప్లైవుడ్డు అంత మందముండదు. గోడనంతయు పలుచన చేయ నక్కరలేదు. కంటికి కనబడు పై అంచును లోపలివైపునుండి గరుకు కాగితముతో అరగదీసి సన్నగిల్లజేసినచో చూచువాని కన్ను తక్కినదంతయు సన్ననిదేయని నమ్మును. అతుకులలోని సందులను లప్పముతో పూడ్చి నునుపు చేసి, ప్రైమరు కొట్టిన తరువాత ఒకసారి వెలుతురునకు అడ్డముగా పట్టి చూడవలెను; దాగిన లోపములన్నియు అప్పుడు బయటపడును.

నార్మండీ పడవలకు బూడిదరంగు వేయుట వాడుక; పసిఫిక్ దీవులలో పచ్చనివియు, చారలు గలవియు కనబడును. ఏ రంగైనను సీసాలోనిది సీసాలో నున్నట్లే వేయరాదు. దూరమున నున్న వస్తువు మీది రంగు నడుమనున్న గాలివలన కొంత పాలిపోయి కనబడుట మన మెరిగినదే. మూరెడు దూరముననున్న నమూనా మనకు ఏబది అడుగుల దూరముననున్న పడవను తలపింపవలెనన్నచో, దాని రంగులో కొంచెము తెలుపు కలిపి తేలిక చేయవలెను. అట్లు చేయనిచో నమూనా నల్లగా, బరువుగా, ఆటబొమ్మవలె కనబడును.

వాలుతలుపును దించి ఎత్తు ఉక్కుతాడు ఒక్కటి సరిగా కుదిరినచో పడవకు సగము ప్రాణము వచ్చును. కిట్టులలో వచ్చు నూలుదారము పనికిరాదు. దానిపై లేచిన నూగు 1/35 కొలతలో మొక్కజొన్న పీచువలె కనబడును. విద్యుత్తు తీగలోపలి సన్నని రాగిపోచలను మూడింటిని తీసికొని, ఒక కొసను బల్లకు బిగించి, రెండవ కొసను చేతిబరమాకు పట్టించి మెల్లగా త్రిప్పినచో, నిజమైన ఉక్కుతాటి పురులు తేటగా తెలియు తాడు తయారగును. దానికి ముదురు బూడిదరంగు వేసి, కప్పీల చెంత నూనెమరక వంటి నల్లని మెరుపు నద్దవలెను. ఇచట మరల కారణమును మరువరాదు. తలుపు మూసియున్నప్పుడు దాని బరువంతయు తాటిపై నుండుటచే తాడు బిగుతుగా నుండును. తలుపు వాలి ఇసుకపై ఆనినప్పుడు బరువును ఇసుక మోయును. తాడు సడలి కొంచెము వ్రేలాడును. తెరచిన తలుపునకు వీణతంత్రివలె బిగించిన తాడును చూచినచో, ఆ పడవ నీటిలో లేదని, బల్లమీదనే యున్నదని వెంటనే తెలిసిపోవును.

ఇప్పుడు క్షణము నెన్నుకొనవలెను. 1944 జూన్ 6వ తేదీ ఉదయమున, నార్మండీలోని ఒమాహా తీరమున, అమెరికా కోస్టుగార్డు ఛాయాచిత్రకారుడు రాబర్ట్ సార్జెంట్ పడవలోపలినుండి ముందునకు చూచుచు తీసిన చిత్రము ప్రపంచప్రసిద్ధము: వాలిన తలుపు, నడుములోతు నీటిలో బరువుగా సాగుచున్న సైనికుల వీపులు, ఎదుట పొగలో మునిగిన గుట్టలు. ఆ పడవ ‘శామ్యూల్ ఛేజ్’ అను ఓడకు చెందినది. ఆ ఓడ సంఖ్య 26 కావున దాని పడవల ముందుభాగమున పీఏ 26 అనియు, ప్రక్కన ఆ పడవ వరుస సంఖ్యయు వ్రాసియుండెను. ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాబర్ట్ కాపా తీరము చేరినదియు ఆ ఓడనుండియే. ఆ అక్షరములను కిట్టులోని అంటింపు కాగితముతో అంటింపవచ్చును గాని, అచ్చుకాగితము కత్తిరించి కుంచెతో అద్దినట్లున్న అంచుల తడబాటును చూపగలిగినచో మరియు శ్రేష్ఠము. ఏలయన అవి నావికులు చేతితో వేసిన అక్షరములు.

ఓడలు తీరమునకు పదిమైళ్ళకు పైబడిన దూరమున లంగరు వేసియుండెను. పడవలు అలలలో గుండ్రముగా తిరిగి జట్టుకూడి తీరము చేరుటకు గంటలు పట్టెను. ఎగసిపడు నీటిని సైనికులు తమ ఇనుపటోపీలతో తోడిపోసిరి, చాలమందికి వాంతులయ్యెను. కావున పడవలోపలి నేల తడిగా, మడుగులు కట్టి యుండవలెను. దానిపై ఇసుక మాత్రము చల్లరాదు. సైనికులు ఓడనుండి వచ్చిరి. వారి బూట్లకు ఇంకను ఇసుక అంటలేదు. ఒడ్డునుండి గాయపడినవారిని వెనుకకు తెచ్చు ప్రయాణమును చూపదలచినప్పుడే లోపల ఇసుకకు తావుండును. ఎందరో నిపుణుల నమూనాలలో మొదటి ప్రయాణపు పడవలో ఇసుకను చూచి నేను చింతించితిని. అంత శ్రమపడినవారు ఇంకొక్క క్షణము ఆలోచించినచో ఎంత బాగుండెడిది!

పీఠము నిర్మించువాడు ఆ ఉదయపు ఆటుపోట్లను గూడ ఎరుగవలెను. ఒమాహా తీరమున పోటుకును పాటుకును నీటిమట్టములో ఆరేడు మీటర్ల తేడా యుండును. శత్రువు నీటిలో పాతిన అడ్డంకులు కనబడవలెనని మొదటి దళములు పాటువేళ, ఉదయము ఆరున్నరకు దిగెను. కావున మొదటి గడియను చూపువాడు ముందు విశాలమైన తడియిసుకను, దానిలో పాతిన ఉక్కు ముండ్లను, కొసకు మందుపాతర కట్టిన దుంగలను చూపవలెను. గంట దాటిన తరువాతి దృశ్యమును చూపువాడు వానిలో కొన్నిటిని సగము నీట ముంచవలెను. ఆ తీరపు ఇసుకతిన్నెల నడుమ లోతైన వంకలుండెను. పడవ తిన్నెకు తట్టుకొని ఆగగా, దిగినవాడు ముందునకు పోయినకొలది లోతు తగ్గక హెచ్చినచోట్లు కలవు. ఈ సంగతి నెరిగిన నమూనాకారుడు తలుపు చెంతనున్నవానిని మోకాలిలోతునను, వానికి ముందున్నవానిని రొమ్ములోతునను నిలుపును. చూపరికి అది వింతగా తోచి, ఏలయని అడుగును. అట్లడిగించుట డయోరమా సాధించిన విజయమని నేను తలంతును.

ఇసుకను గూర్చి అడుగువారు చాలమంది. సముద్రపు టిసుకనే తెచ్చి చల్లినచో నిజమైనదే గదా యని వారి యభిప్రాయము. ఇసుకరేణువు ఒక మిల్లీమీటరులో మూడవవంతు ఉన్నదనుకొన్నను, ముప్పదియైదు రెట్లు పెంచి చూడగా అది సెంటీమీటరుకు మించిన గులకరాయి యగును. నిజమైన ఇసుక నమూనాలో అబద్ధమగుచున్నది! ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను, మెత్తని రాతిపొడిని పలుచని గుడ్డతో వడపోసి జిగురుతో కలిపి పూయవలెను. దానిపై తడియున్నమేర ముదురు రంగు, నీరు ఇప్పుడే తీసిన మేర నిగనిగలాడు వార్నిషు. పీఠపు దేహమునకు థర్మోకోల్ తేలికయు, చౌకయు. అయితే నీటికై పాలియెస్టరు రెజిన్ వాడదలచినవారు జాగ్రత్త వహింపవలెను; అది థర్మోకోల్‌ను కరగించి తినివేయును. ప్లాస్టరు పొరతో పూర్తిగా కప్పిన తరువాతనే పోయవలెను, లేదా ఎపాక్సీ రెజిన్ వాడవలెను. ఏ రెజినైనను ఒక్కసారిగా లోతుగా పోయరాదు. గట్టిపడునప్పుడు దానినుండి వేడి పుట్టును. పొర మందమైనకొలది వేడి హెచ్చి పగుళ్ళు వచ్చును. కొన్ని మిల్లీమీటర్ల మందమున ఒక పొర పోసి, అది ఆరిన పిమ్మట మరియొక పొర పోయుట క్షేమము.

నీటి రంగు నీలము కాదు. ఇంగ్లీషు చానల్ నీరు మేఘావృతమైన జూన్ ఉదయమున బూడిదవన్నె కలిసిన పచ్చన. ఒడ్డుచెంత అలలు ఇసుకను చిలుకుటచే గోధుమవన్నె. అడుగు పొరలలో గోధుమరంగును, లోతు హెచ్చినకొలది పచ్చదనమును కలిపి పోసి, పైన అక్రిలిక్ జెల్‌ను కుంచెతో అలలుగా లేపి, అలల కొసలకు తెల్లని నురుగు నద్దవలెను. ఈ నురుగు విషయమున పడవ వెనుకభాగమును మరువరాదు. ఒడ్డు తాకి తలుపు వాలిన తరువాత పడవ నిశ్చలముగా నున్నట్లు కనబడినను, ఇంజను ఆగియుండదు. అలలు వెనుకనుండి నెట్టి పడవను అడ్డముగా త్రిప్పివేయకుండునట్లు సరంగు ప్రొపెల్లరును ముందువైపునకే త్రిప్పుచు పడవ ముక్కును ఇసుకకు అదిమిపట్టి యుంచును. కావున వెనుక నీరు మరిగినట్లు తెల్లగా కలగియుండవలెను. నిశ్చలమైన పడవ వెనుక ప్రశాంతమైన నీటిని చూపినచో, సరంగు ప్రాణములొడ్డి చేసిన పని యంతయు చెరిపివేసినట్లగును.

మనుష్యుల మాట. ఒమాహాలో ఒక్కొక్క పడవకు 31 మంది చొప్పున జట్లు కట్టిరి. అన్ని బొమ్మలు కొనుట భారమైనచో, సగము మంది దిగిపోయిన క్షణమును ఎన్నుకొనవచ్చును. నీటిలో నడచువాడు నేలపై నడచువానివలె అడుగు వేయడు. రొమ్ము ముందునకు వంగును, చేతులు పైకి లేచును, తుపాకి భుజముకంటె ఎత్తుగా నుండును. తుపాకులకు నీరు తగులకుండ పారదర్శకమైన సంచులు తొడిగిరి. అగరువత్తుల పెట్టెపై చుట్టు పలుచని పొర ఆ సంచికి చక్కగా సరిపోవును. నడుమునకు గాలినింపు పట్టీలు కట్టుకొనిరి. తడిసిన బట్ట ముదురుగా మెరయును. కాని ఆ తడి గీత గీసినట్లు నిలువదు, తుంపరలు భుజములవరకు చిందును.

మృతులను చూపవలెనా యను ప్రశ్న తప్పక వచ్చును. ఆ ఉదయమున ఆ తీరమున చనిపోయినవారెందరో యున్నారు. వారిని లేనట్లు చూపుట అసత్యము. అయినను ఎర్రరంగును ధారాళముగా పోసి కంటిని ఆకట్టుకొన జూచుట వారి యెడల అగౌరవమని నా దృఢవిశ్వాసము. సార్జెంట్ చిత్రమున రక్తము లేదు. వీపులు మాత్రమే యున్నవి, వానినుండియే భయము తెలియుచున్నది. షెపర్డ్ పెయిన్ అను అమెరికా నిపుణుడు 1980లో వెలువరించిన డయోరమాల గ్రంథము ఒక తరమువారికి పాఠ్యపుస్తకమైనది. దృశ్యము ఒక కథ చెప్పవలెనని, ఆ కథ చూపరికి ఒక్కచూపున అందవలెనని అతడు బోధించెను. నలుగురు నావికులలో సరంగు మాత్రము ఒడ్డును చూచుచు, తక్కినవారు తలుపును, తాడును చూచుచున్నచో, ఆ పడవ కథ సగము చెప్పినట్లే.

తీరము మారినచో పడవ చోటును మారవలెను. 1943 నవంబరు 20న పసిఫిక్‌లోని తరావా దీవులలో నీరు అనుకొన్నంత పొంగలేదు. హిగ్గిన్స్ పడవలు పగడపుదిబ్బను దాటలేక నిలిచిపోగా, మెరీన్లు వందల గజముల దూరము తుపాకి గుండ్లలో నీటబడి నడచిరి. దిబ్బ దాటినవి గొలుసుచక్రముల ఉభయచర శకటములు మాత్రమే. ఆ ఉదయమున ఆ దీవి ఒడ్డున హిగ్గిన్స్ పడవను నిలిపిన డయోరమా, ఎంత అందమైనదైనను, జరిగినదానికి విరుద్ధము. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ చిత్రమును చూచి, ఒమాహాలో దిగిన అమెరికా రేంజరు దళమువారిని హిగ్గిన్స్ పడవలలో కూర్చుండబెట్టువారు కలరు. నిజమునకు ఆ రేంజర్లు వచ్చినది బ్రిటిషువారి ఎల్.సి.ఎ. పడవలలో. షెర్మన్ యుద్ధశకటమును మోయు ఎల్.సి.ఎం. 3 మరియొక జాతి. ఏబది అడుగుల ఉక్కుపడవ. తుప్పుపై మక్కువ గలవారు దానిని ఎన్నుకొని తమ ముచ్చట తీర్చుకొనవచ్చును.

ఇట్టి పడవల సంతతి మన తీరమునకును క్రొత్తది గాదు. విశాఖపట్టణము నెలవుగా గల ఐ.ఎన్.ఎస్. జలాశ్వ 2007లో మన నౌకాదళమున చేరినది, ఎల్.సి.ఎం. 8 జాతి పడవలను తన గర్భమున మోయును. 2019 నవంబరులో భారత, అమెరికా దళములు కలిసి చేసిన విన్యాసములు విశాఖ, కాకినాడ తీరములలో జరిగెను. ఇసుకపైకి ముక్కు దూర్చిన పడవ ఎట్లు కుదుపునో, తలుపు వాలినప్పుడు నీరెట్లు ఇరుప్రక్కలకు చీలునో చూడగోరు మన యువకులు సముద్రపుటొడ్డున ఒక పూట నిలిచి మన జాలరుల పడవలు ఒడ్డెక్కుటను గమనించినను చాల నేర్తురు. నురుగు ఎచట పుట్టి ఎచట కరగునో చెప్పుటలో ఏ పుస్తకమును ఆ దృశ్యమునకు సాటిరాదు. పడవ నిర్మాణమును నేర్వగోరువారికి న్యూ ఆర్లియన్స్ యుద్ధ మ్యూజియమున స్వచ్ఛంద సేవకులు హిగ్గిన్స్ పద్ధతిలోనే కట్టి నిలిపిన పడవ ఛాయాచిత్రములు గొప్ప ఆధారము.

క్రొత్తగా మొదలిడువారు 1/72 కిట్టుతో, ఒక్క పడవతో, బెత్తెడు నీటితో మొదలిడుట మంచిది. పడవ అడుగుభాగము నీటిలో మునిగిపోవును గదాయని దానిని కోసివేయక, రెజిన్ పోయుటకు ముందే పీఠములో దానికి సరిపడు గుంటను త్రవ్వి కూర్చవలెను; అడుగుభాగము పడవకే యుండగా తరువాతి నమూనాలలో దానిని ఇసుకపై ఆరబడినట్లు చూపుటకును వీలుండును. పని ముగిసిన డయోరమాను అద్దపు పెట్టెలో నుంచి, కిటికీ యెండ తగులని గోడచెంత పెట్టవలెను. నురుగుపై దుమ్ము పడినచో తుడుచుటకు వీలుండదు. ఎపాక్సీ నీరు ఎండ తగిలినకొలది పసుపువన్నెకు తిరిగి, ఎంతో యోచించి కలిపిన ఆ చానల్ పచ్చదనమును పాడుచేయును.